థీమ్ పార్కు పైకప్పుల మీద పనిచేసేవారు పడిపోకుండా: భవనాల్లో చేయాల్సిన మార్పులకు సమగ్ర మార్గదర్శి

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఉన్న డిస్నీలాండ్‌లో 1958 నుంచి నడుస్తున్న రైడ్ ఒకటి ఉంది. పేరు ఆలిస్ ఇన్ వండర్‌లాండ్. ఆ రైడ్‌లో బండి భవనం పై అంతస్తు నుంచి బయటికి వచ్చి, పెద్ద పెద్ద ఆకుల్లా కట్టిన దారి మీద మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. మొదట కట్టినప్పుడు ఆ ఆకుల అంచుకు రెయిలింగ్ లేదు. బండిలో కూర్చుని దిగేవారికి దాని అవసరమూ కనిపించదు. అయితే బండి మధ్యలో ఆగిపోతే, ఆ సన్నటి ఆకుల మీద నడిచి వెళ్లి సందర్శకులను దింపాల్సింది ఉద్యోగులే. 2010లో కాలిఫోర్నియా కార్మిక భద్రతా విభాగం అభ్యంతరాల నేపథ్యంలో ఆ రైడ్‌ను మూసి, తాత్కాలిక రెయిలింగ్‌లతో మళ్లీ తెరిచారు. 2014లో ఆ దారినే వెడల్పు చేసి, ఆకుల్లో కలిసిపోయేలా శాశ్వతమైన రెయిలింగ్ కట్టారు. అర శతాబ్దం పాటు అందరూ రోజూ చూసిన అంచే అది.

ఆ రైడ్‌ను మొదట మూసిన రెండేళ్లకు, 2012 నవంబరులో, అదే పార్కులో స్పేస్ మౌంటెన్ అనే రైడ్ భవనాన్ని బయటి వైపు శుభ్రం చేస్తున్న కాంట్రాక్టు కార్మికుడు ఒకరు ఆ వాలు కప్పు మీదుగా జారి గాయపడ్డారు. తనిఖీలు జరిగాయి, జరిమానాలు పడ్డాయి. 2013 ఏప్రిల్‌లో స్పేస్ మౌంటెన్‌తో పాటు మ్యాటర్‌హార్న్‌ను, మరో రైడ్‌ను తాత్కాలికంగా మూసి, పైన పనిచేసేవారి భద్రతా పద్ధతులను సమీక్షించారు.

థీమ్ పార్కుల్లో భద్రత అనగానే అందరి చూపూ రైడ్ మీదికీ, సందర్శకుల మీదికీ వెళుతుంది. అది సహజమే. రాత్రి గేట్లు మూసిన తరువాత కోట బురుజు మీద బల్బు మార్చే ఎలక్ట్రీషియన్, కృత్రిమ కొండ మీద రంగు వేసే పెయింటర్, రేకుల కప్పు మీద గట్టర్ శుభ్రం చేసే మనిషి ఆ చూపుకు ఆనరు. వారికి ఒక హార్నెస్ (పడితే ఒంటిని పట్టి ఉంచే పట్టీల తొడుగు) ఇచ్చి, సంతకం పెట్టించుకుని, పని అయిపోయిందనుకుంటాం. ముందుగా మార్చాల్సింది కట్టడాన్ని. మనిషికి తాడు కట్టడం, ఇక వేరే దారి లేదని తేలాక చేయాల్సిన పని. ఈ మార్గదర్శి అంతా ఆ వరుసలోనే నడుస్తుంది. పార్కు నిర్వహణ విభాగంలో ఉన్నవారికీ, భద్రతాధికారులకూ, భవనాల పనులు చూసే ఇంజనీర్లకూ ఇది ఉపయోగపడుతుంది.

మొదటి దశ: రాత్రి షిఫ్టుతో కలిసి పైకి ఎక్కండి

ఆఫీసులో నక్షా ముందు పెట్టుకుని చేసే సర్వే సగం సర్వే. పైకి ఎవరు, ఎందుకు, ఏ దారిన ఎక్కుతున్నారో ఆ నక్షాలో ఉండదు. కనీసం వారం రోజులు నిర్వహణ సిబ్బందితో పాటు మీరూ వెళ్లండి. ప్రతి భవనానికీ ఒక పేజీ కేటాయించి నాలుగు విషయాలు రాయండి: పైకి వెళ్లే దారి, అక్కడ చేసే పని, అది ఎన్నాళ్లకోసారి వస్తుంది, అంచు నుంచి ఆ పనికి ఎంత దూరం.

దగ్గర నుంచి చూస్తే ఏం తెలుస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ముఖభాగం మీద వరుసగా బల్బులు ఉన్న భవనం అనుకోండి. కప్పు చదునుగా ఉంటుంది, చుట్టూ మోకాలెత్తు పిట్టగోడ. కాగితం మీద అది 'పిట్టగోడ ఉన్న కప్పు'. బల్బులు మాత్రం పిట్టగోడకు బయటి వైపు ఉంటాయి. ఎలక్ట్రీషియన్ ఒక మోకాలు గోడ మీద ఆనించి, ఎడమ చేత్తో గోడ అంచు పట్టుకుని, నడుము దాకా బయటికి వంగి, కుడి చేత్తో పాత బల్బు విప్పుతాడు. కొత్త బల్బు జేబులో ఉంటుంది. దాన్ని తీయడానికి ఎడమ చేతిని వదలాలి. ఆ ఒక్క క్షణం అతణ్ణి పట్టి ఉంచేది మోకాలి కింద ఉన్న గోడ మాత్రమే. ఆ క్షణాన్ని చూస్తే గానీ ఆ కప్పుకు ఏం కావాలో మీకు తెలియదు.

సిబ్బందిని అడిగేటప్పుడు 'ఇక్కడ ప్రమాదం ఉందా' అని అడగకండి, లేదనే చెబుతారు. 'వాన పడ్డ మరునాడు ఇక్కడికి వస్తారా', 'కొత్తగా చేరినవారిని ఒంటరిగా ఇక్కడికి పంపుతారా' అని అడగండి. అసలు సంగతి అప్పుడు బయటికి వస్తుంది.

రెండవ దశ: పనిని కిందికి దించండి

రాసుకున్న ప్రతి పని పక్కనా ఒకే ప్రశ్న వేసుకోండి: దీనికోసం పైకి ఎక్కాల్సిన అవసరం నిజంగా ఉందా? అన్ని మార్పుల్లోనూ తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు కాపాడేది ఈ దశే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా రెయిలింగ్ కొటేషన్లు అడుగుతారు.

పైన చెప్పిన బల్బులనే తీసుకోండి. వాటి స్థానంలో ఎక్కువ కాలం మన్నే ఎల్‌ఈడీలు పెడితే ఎక్కే సార్లు బాగా తగ్గుతాయి. వాటిని కప్పు లోపలి వైపుకు తిప్పుకోగలిగిన పట్టీ మీద బిగిస్తే, పిట్టగోడ లోపలే నిలబడి మార్చవచ్చు. రైడ్‌లు, ప్రదర్శనలు ఉండే షో భవనాల్లో ఎత్తున వేలాడే దీపాలను, స్పీకర్లను చేతితో తిప్పే వించ్ మీద పెట్టి నేలకు దించుకోవచ్చు. అంచుకు దగ్గరగా ఉన్న ఏసీ యూనిట్లను మరమ్మతుకు వచ్చినప్పుడు కప్పు మధ్యకు జరపండి. గట్టర్లకు ఆకులు పడకుండా జాలీ వేస్తే శుభ్రం చేసే పని తగ్గుతుంది. తక్కువ ఎత్తు కప్పులైతే పొడవాటి గొట్టంతో నేల మీద నుంచే కడిగేయవచ్చు.

మూడవ దశ: అంచుకు రెయిలింగ్

పైకి ఎక్కక తప్పదని తేలిన చోట మొదటి రక్షణ రెయిలింగే. దాన్ని ఎవరూ తొడుక్కోనక్కరలేదు, తగిలించుకోనక్కరలేదు, మరిచిపోయే అవకాశమే లేదు. కొత్తగా చేరిన కుర్రవాడిని కూడా అది పాతికేళ్ల అనుభవం ఉన్నవాడిని కాపాడినట్టే కాపాడుతుంది.

కొలతలకు అమెరికా సమాఖ్య కార్మిక భద్రతా నిబంధనలు మంచి ఆధారం. పై కడ్డీ నడిచే తలం నుంచి 42 అంగుళాలు, అంటే దాదాపు 107 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మూడు అంగుళాలు అటూ ఇటూ పరవాలేదు. మధ్యలో ఇంకో కడ్డీ ఉండాలి. పై కడ్డీని బయటికి గానీ కిందికి గానీ 200 పౌండ్ల, అంటే సుమారు 90 కిలోల బలంతో నెట్టినా అది నిలవాలి. కింద మనుషులు తిరిగే చోటైతే, పనిముట్లు జారి పడకుండా అడుగున కనీసం మూడున్నర అంగుళాల పట్టీ కావాలి. ఆ నిబంధనలు సాధారణ పని ప్రదేశాల్లో 4 అడుగుల ఎత్తు నుంచే రక్షణ అడుగుతాయి. కాలిఫోర్నియా ఇంకా కఠినం: చాలా చోట్ల 30 అంగుళాలకే రెయిలింగ్ ఉండాలంటుంది.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ కూడా, పడిపోయే అవకాశం ఉన్న ఎత్తులో పనిచేసేవారికి కంచెతో గానీ మరో విధంగా గానీ రక్షణ కల్పించాలని చెప్పింది. మొదట కంచె, ఆ తరువాతే 'మరో విధం'. ఆ వరుసను గమనించండి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. 10 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు దాని పరిధిలోకి వస్తాయి. 'మాది ఫ్యాక్టరీ కాదు, పార్కు' అనే మాటకు ఇక చోటు లేదు.

రెయిలింగ్ రెండు రకాలు. ఒకటి కప్పుకు బోల్టులతో బిగించేది. రెండవది రంధ్రాలు చేయకుండా బరువు దిమ్మెల మీద నిలబెట్టేది. వాటర్‌ప్రూఫింగ్ చేసిన కప్పులకు రెండవదే మేలనిపిస్తుంది, చాలాసార్లు నిజం కూడా. అయితే పాత షో భవనాల కప్పులు తేలికగా కడతారు. అంచు పొడవునా దిమ్మెలు పేర్చే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క వేయించండి. ఇందులో తొందరపడవద్దు.

పెద్ద చదును కప్పుకు చుట్టూ రెయిలింగ్ పెట్టే స్తోమత వెంటనే లేకపోతే, అమెరికా నిబంధనల్లోని దూరాల లెక్కను వాడుకోవచ్చు. అంచు నుంచి 6 అడుగుల లోపు పనికి పూర్తి రక్షణ తప్పనిసరి. 6 నుంచి 15 అడుగుల మధ్య, అరుదుగా కాసేపు చేసే పని అయితే, హెచ్చరిక తాడు కట్టి హద్దు పెట్టిన స్థలంలో చేయవచ్చు. 15 అడుగులు దాటితే, అలాంటి పనికే, ఆ హద్దు దాటి అంచు వైపు రాకూడదన్న కచ్చితమైన నియమం చాలు. ఏసీ యూనిట్ల వరకు రంగు వేసిన నడకదారి, దానికి రెండు వైపులా రెయిలింగ్ ఉంటే మొత్తం ఖర్చులో కొంతతోనే గట్టి రక్షణ వస్తుంది.

నాలుగవ దశ: కాలి కింద విరిగిపోయేవి

అంచు కనిపిస్తుంది కాబట్టి మనిషి జాగ్రత్త పడతాడు. అసలు భయపడాల్సింది కనిపించని అంచుకు, అంటే కాలు వేయగానే పగిలే రేకుకు. మన ప్రాంతంలో గోదాములు, వర్క్‌షాపులు, పార్కుల వెనక వైపు షెడ్లు ఇప్పటికీ సిమెంటు రేకులతోనే కనిపిస్తాయి. ఎండకూ వానకూ నానిన ఆ రేకు పై నుంచి చూస్తే రాయిలా ఉంటుంది. బోల్టుల వరుస కింద దూలం ఉంటుంది కాబట్టి ఆ వరుస మీద నడిస్తే చాలని మేస్త్రీలు చెబుతారు. ఆ మాటను నమ్మి ఎవరినీ పంపకండి. చేతిలో బరువు ఉన్నప్పుడు, గాలి తోసినప్పుడు, అడుగు అరచేయంత పక్కకు పడితే చాలు.

అంతకంటే మోసపూరితమైనవి వెలుతురు కోసం మధ్యమధ్యలో వేసే ఫైబర్ రేకులు. కాలం గడిచేకొద్దీ వాటి మీద దుమ్ము పేరుకుని, పాచి పట్టి, కప్పు అంతటికీ కలిపి రంగు వేస్తే ఇనుప రేకుకూ వాటికీ తేడా తెలియదు. అద్దపు పైకిటికీలదీ ఇదే కథ. అమెరికా నిబంధనలు వాటిని కప్పులోని రంధ్రాలుగానే లెక్కిస్తాయి.

చేయాల్సింది ఇది. ముందు లోపలి నుంచి తల ఎత్తి చూసి, వెలుతురు వచ్చే ప్రతి రేకునూ నక్షాలో గుర్తించండి. పై నుంచి కాదు, లోపలి నుంచే. తరువాత ఒక్కోదాని మీద ఇనుప జాలీ బిగించండి, లేదా చుట్టూ రెయిలింగ్ కట్టండి. మూత వేస్తే, దాని మీదికి ఒకేసారి రాగల మనుషులు, సామాను మొత్తం బరువుకు కనీసం రెట్టింపును అది మోయాలి, గాలికి జరగకుండా బిగించి ఉండాలి. సిమెంటు రేకుల మీద శాశ్వతంగా నడక పలకలు వేయండి. మార్చే వీలుంటే ఆ కప్పునే మార్చండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి వాటిని పగలగొట్టకుండా, తడిపి, విప్పి దించాలి. పని మొదలయ్యే దాకా పైకి వెళ్లే దారికి తాళం వేసి ఉంచండి.

ఐదవ దశ: నిచ్చెనలు

గోడకు బిగించిన నిచ్చెన చుట్టూ ఇనుప పంజరం ఉంటే చాలనుకునే రోజులు పోయాయి. పడే మనిషిని పంజరం ఆపదు. అమెరికాలో 24 అడుగులు దాటిన నిచ్చెనలకు, 2018 నవంబరు 19 నుంచి కొత్తగా పెట్టేవాటికి, నిలువు పట్టా లేదా తీగ వెంట మనిషితో పాటు కదిలి జారితే పట్టేసే వ్యవస్థ గానీ, పడే మనిషిని ఆపే హార్నెస్ వ్యవస్థ గానీ తప్పనిసరి చేశారు. పాత నిచ్చెనలన్నిటికీ గడువు 2036 నవంబరు 18. నిచ్చెన పక్క కడ్డీలు కప్పు మట్టానికి ఇంకో 42 అంగుళాలు పైకి సాగాలి, దిగేటప్పుడు పట్టుకోవడానికి. పై చివర రెయిలింగ్‌లో ఖాళీ ఉంటుంది కదా, అక్కడ దానంతట అదే మూసుకునే గేటు పెట్టండి. గొలుసు వద్దు. గొలుసును ఒకసారి తీస్తే మళ్లీ తగిలించేవారు తక్కువ.

ఆరవ దశ: తాడు కట్టక తప్పని చోట

కోట బురుజులు, కొండలు, గుమ్మటాలు మిగులుతాయి. ఇక్కడ వరుస ఇది: ముందు మనిషి అంచు దాకా చేరకుండా ఆపే పొట్టి తాడు. అది కుదరకపోతేనే పడిన మనిషిని గాలిలో ఆపే హార్నెస్.

రెండవదాని లెక్క ఒకసారి చేతితో వేసి చూడండి. కప్పు ఎత్తు 4.5 మీటర్లు. యాంకర్ (తాడు తగిలించే గట్టి బిగింపు) కప్పు మీదే, కాలి మట్టంలో ఉంది. లాన్యార్డు (హార్నెస్‌ను యాంకర్‌కు కలిపే తాడు) పొడవు 1.8 మీటర్లు. పడినప్పుడు ఆ తాడులో కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగేది దాదాపు 1.1 మీటర్లు. వీపు మీద రింగు నుంచి పాదాల వరకు 1.5 మీటర్లు. హార్నెస్ సాగేది 0.3, నేలకు మిగలాల్సిన ఖాళీ కనీసం 0.6. కలిపితే 5.3 మీటర్లు. తాడు అతణ్ణి ఆపేలోపే నేల ఆపేస్తుంది. పైగా యాంకర్ కాలి దగ్గర ఉంటే అతడు ఏ ఆధారమూ లేకుండా పడే దూరం 3 మీటర్లు దాటుతుంది. అమెరికా నిబంధనలు ఒప్పుకునేది 6 అడుగులు, అంటే 1.8 మీటర్లు మాత్రమే. హార్నెస్ ఉంది, యాంకర్ ఉంది, సంతకం ఉంది, మనిషికి మాత్రం రక్షణ లేదు. ప్రతి యాంకర్ పక్కనా ఈ లెక్క వేసి, ఆ చోట ఎంత పొడవు తాడు వాడాలో పలక మీద రాయండి.

యాంకర్ ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే 22 కిలోన్యూటన్లకు పైగా మోయాలి, లేదా అర్హత ఉన్న ఇంజనీరు లెక్కకట్టి రూపొందించినదై ఉండాలి. నీళ్ల గొట్టానికీ, ఏసీ స్టాండుకూ, అలంకరణ కోసం పెట్టిన బురుజు కమ్మీకీ కొక్కెం తగిలించడం మీరు చూసే ఉంటారు. నిజమైన యాంకర్లకు ఒకే రంగు వేసి, 'ఈ రంగు లేనిదానికి కట్టకూడదు' అని చెప్పడం ఆ అలవాటును మాన్పించే మంచి మార్గం. హార్నెస్‌లు భారత ప్రమాణం ఐఎస్ 3521, హెల్మెట్లు ఐఎస్ 2925 గుర్తు ఉన్నవే కొనండి.

లోపల వాటర్ పార్కు ఉన్న భవనాలకు ఒక ప్రత్యేక హెచ్చరిక. 1985 మే 9న స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో ఈత కొలను పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. కాంక్రీటు సీలింగ్‌ను మోసిన స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు క్లోరిన్ కలిసిన గాలికి లోలోపల పగుళ్లు పట్టి తెగిపోయాయి. స్టెయిన్‌లెస్ కాబట్టి తుప్పు పట్టదన్న నమ్మకం అక్కడ పనికిరాదు. మూసి ఉన్న కొలనుల పై భాగంలో యాంకర్లు, వేలాడే కడ్డీలు పెట్టేటప్పుడు మామూలు 304, 316 రకాల స్టెయిన్‌లెస్ స్టీల్ వాడకండి. ఆ వాతావరణానికి నిలిచే 1.4529 లాంటి ప్రత్యేక మిశ్రమాలను అడగండి.

ఏడవ దశ: అందం చెడకుండా

డిజైనర్లు ఇక్కడే అభ్యంతరం చెబుతారు, వారి బాధ అర్థం చేసుకోదగ్గదే. డిస్నీలాండ్ స్లీపింగ్ బ్యూటీ కోట ఎత్తు 77 అడుగులే. పైకి వెళ్లేకొద్దీ రాళ్లను చిన్నవిగా పేర్చడం వల్ల అంతకంటే చాలా ఎత్తుగా కనిపిస్తుంది. దాని మీద మనిషి నడుమెత్తు రెయిలింగ్ పెడితే కంటికి అసలు కొలత దొరికిపోతుంది. మన రామోజీ ఫిల్మ్ సిటీ వీధుల్లో తిరిగినవారికీ ఈ కిటుకు తెలిసిందే: ముందు నగరం, వెనక ఇనుప చట్రం.

దీనికి దారులున్నాయి. రెయిలింగ్‌ను అంచు నుంచి వెనక్కు జరిపితే కింద నిలబడినవారికి కనిపించదు. కింద నుంచి చూపు గీత గీసి ఎంత వెనక్కు జరపాలో లెక్కకట్టవచ్చు. మడిచి పడుకోబెట్టే రెయిలింగ్‌లు దొరుకుతాయి, పనివేళలో లేపుతారు. అయితే వాటిని లేపడానికి వెళ్లే మనిషికీ రక్షణ ఉండాలి. అన్నిటికంటే మంచిది అలంకరణనే రెయిలింగ్‌గా మార్చడం: కోట పిట్టగోడను ఎత్తు పెంచడం, తీగల మధ్య కడ్డీ దాచడం. ఆలిస్ రైడ్‌లో చివరికి జరిగిందీ అదే. డిజైనర్లను మొదటి దశ సర్వేకే పిలవండి. ఆ బల్బు మార్చడాన్ని కళ్లారా చూసిన డిజైనరు రెయిలింగ్ వద్దని అనరు.

ఎనిమిదవ దశ: కాంట్రాక్టర్లకు కప్పును అప్పగించే పద్ధతి

స్పేస్ మౌంటెన్ మీద జారిన మనిషి బయటి సంస్థ నుంచి వచ్చినవారని గుర్తుంచుకోండి. మీ సిబ్బందికి ఏ రేకు పగులుతుందో తెలుసు, బయటివారికి తెలియదు. తాళ్లతో కిందికి దిగుతూ చేసే పనికి, యాంకర్లను గుర్తించి, పరీక్షించి, ధ్రువీకరించామని భవన యజమాని రాతపూర్వకంగా చెప్పాలని అమెరికా నిబంధన. ఆ యాంకర్లను ఏటా తనిఖీ చేయాలి, కనీసం పదేళ్లకోసారి తిరిగి ధ్రువీకరించాలి. చట్టం అడిగినా అడగకపోయినా ఆ కాగితం మీరూ ఇవ్వండి.

దానితో పాటు కప్పు నక్షా ఒకటి, బొమ్మలతో. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి పనులకు ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కార్మికులు ఎందరో ఉన్నారు. తెలుగులో గోడకు అంటించిన హెచ్చరిక వారికి గీతల బొమ్మే. ఎరుపు రంగు కాలు పెట్టకూడని చోటు, ఆకుపచ్చ నడవదగిన దారి అన్నంత సరళంగా ఉండాలి. పని మొదలుపెట్టే రోజు పైకి తీసుకెళ్లి చూపించండి.

రైడ్ పట్టాలకు దగ్గరగా ఉన్న కప్పు అయితే, రైడ్‌కు విద్యుత్తు ఆపి, స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి పైకి వెళ్లే మనిషి జేబులోనే ఉండాలి. మే నెలలో రేకుల మీద పని తెల్లవారుజామునే ముగించాలి. ఉరుము వినిపిస్తే దిగిపోవాలి.

తొమ్మిదవ దశ: వేలాడుతున్న మనిషిని దించడం

హార్నెస్ పనిచేసింది, మనిషి గాలిలో ఆగాడు. తరువాత? కదలకుండా వేలాడితే తొడల దగ్గర పట్టీలు బిగిసి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. స్పృహ తప్పడానికి నిమిషాలు చాలు. అగ్నిమాపక దళం వచ్చే దాకా ఆగుదామనుకుంటే కుదరదు. తాడు కట్టాల్సిన ప్రతి చోటుకూ, వేలాడే మనిషిని దించి కాపాడే పథకం ఒకటి రాయండి: ఏ లిఫ్టు బండి అక్కడికి చేరగలదు, దారిలో ఏ గేటు ఇరుకు, తాళంచెవులు ఎవరి దగ్గర, రాత్రి షిఫ్టులో ఆ బండి నడపగలిగేది ఎవరు. హార్నెస్‌కు కాళ్లు ఆనించుకునే పట్టీలు కొనండి, ధర చాలా తక్కువ.

తరువాత ఆ పథకాన్ని ఒక బొమ్మతో పరీక్షించండి. మనిషంత బరువున్న ఇసుక మూటకు హార్నెస్ తొడిగి, రాత్రి రెండు గంటలకు, ముందుగా చెప్పకుండా, కప్పు అంచు నుంచి వేలాడదీసి గడియారం చూడండి. కేక విన్నది మొదలు మూట నేలను తాకేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. లిఫ్టు బండి బ్యాటరీ దిగిపోయి ఉందా, పూల తొట్లు దారికి అడ్డం వచ్చాయా, కావలివారి దగ్గర గేటు తాళంచెవి లేదా, అన్నీ ఆ రాత్రే తెలుస్తాయి. మరునాడు ఉదయం ఆ పూల తొట్లను జరిపించి, వచ్చే నెల మళ్లీ వేలాడదీయండి.